రోడ్డు నడుమ బస్సు దారి: నెల్లూరులో కుదురుతుందా?

ప్రశ్న: అహ్మదాబాద్‌లో మాదిరిగా మా నెల్లూరు ట్రంకు రోడ్డులోనూ బస్సులకు వేరే దారి గీస్తే రద్దీ తగ్గదా?
– ఒక పాఠకుడు, మాగుంట లేఅవుట్

జవాబు: గీత గీస్తే చాలదండీ, ముందు టేపు పట్టాలి. ఒక్కో బస్సు వరుసకు 3.5 మీటర్లు, అంటే రానూపోనూ 7. నడుమ స్టేషన్ అరుగుకు 4. మిగతా బండ్లకు అటు 7, ఇటు 7. కాలిబాటలకు చెరో 2.5. మొత్తం 30 మీటర్లు! స్టేషన్ లేనిచోట 26తో సరిపెట్టవచ్చు. కొలిచాక ఇంత వెడల్పు లేదని తేలితే ఆలోచన అక్కడే ఆపడం మేలు.

2009లో మొదలైన అహ్మదాబాద్ బస్సు దారి ‘జనమార్గ్’ బలం దారిలో కంటే స్టేషన్‌లోనే ఎక్కువ. టికెట్టు అక్కడే తీసుకుంటారు. అరుగు, బస్సు నేల ఒకే ఎత్తు. మెట్లెక్కే పని, చిల్లర గొడవ లేక బస్సు త్వరగా కదులుతుంది. అయితే అరుగు నడుమ ఉంటే తలుపు కుడివైపు ఉండాలి. మన ఆర్టీసీ బస్సుకు అది ఎడమవైపు, అదీ మెట్లతో! కాబట్టి కొత్త బస్సులు కొనాల్సిందే.

ఢిల్లీ 2008లో 5.8 కిలోమీటర్ల దారి వేసి, 2016లో పీకేసింది. కూడళ్ల దగ్గర సిగ్నళ్లు బాగా ఆలస్యమయ్యేవి, ఇతర బండ్లు బస్సు దారిలో దూరేవి.

70 మంది పట్టే బస్సు రెండు నిమిషాలకొకటి నడిస్తే గంటకు 2,100 మంది. అంత గిరాకీ లేకుంటే కూడళ్లలో ఆటోల నిలుపుదల సరిచేసి, బస్సు ఆగే చోటు సిగ్నల్ దాటాక పెట్టడమే చవక.