అమ్మాయి ఫెయిలైన టెస్టు కూడా చూపించాలా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో పైలట్ ట్రైనింగ్ పూర్తిచేసి, అక్కడే ఫ్లైయింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్‌గా చేస్తోంది. ఇప్పుడొక ఎయిర్‌లైన్‌కి అప్లై చేస్తే, ప్రభుత్వం దగ్గరున్న తన రికార్డు చూడటానికి అనుమతి ఇమ్మన్నారట. కమర్షియల్ లైసెన్స్ టెస్టులో ఒకసారి ఫెయిలైంది, రెండోసారి పాసైంది. అనుమతి ఇవ్వనంటే ఏమవుతుంది? ఈ వివరాలు ఎవరి చేతికి పోతాయోనని మాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: ఇవ్వనంటే ఆ ఉద్యోగం రాదండీ. రికార్డు చూడకుండా పైలట్‌ని డ్యూటీలోకి తీసుకోకూడదని ఎయిర్‌లైన్లకి అక్కడ రూలుంది.

ఇదేదో ఆఫీసు లాంఛనం అనుకోకండి. 2009 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరం దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం ఒక ఇంటి మీద కూలి, ఆ ఇంట్లో ఉన్నాయనతో కలిపి 50 మంది చనిపోయారు. కెప్టెన్ లైసెన్స్ టెస్టుల్లో ఒకటికి మించి ఫెయిలయ్యాడని, ఉద్యోగంలో చేరేటప్పుడు అన్నీ చెప్పలేదని దర్యాప్తులో తేలింది. చనిపోయినవాళ్ల ఇళ్లవాళ్లు పట్టువదలకుండా తిరిగితే 2010లో చట్టం వచ్చింది, పైలట్ల రికార్డులన్నీ ఒకేచోట పెట్టమని. విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ మాత్రం తుది రూలు ఇవ్వడానికి 2021 దాకా లాగింది, పాత కంపెనీలని అడిగి రికార్డులు తెప్పించుకునే పాత పద్ధతి పూర్తిగా పోయేసరికి 2024 సెప్టెంబర్ అయింది. ఈలోగా 2019లో టెక్సస్‌లో అట్లాస్ ఎయిర్ కార్గో విమానం కూలి ముగ్గురు పోయారు, అందులో ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్ కూడా పాత కంపెనీల్లో ట్రైనింగ్ ఫెయిలైన సంగతి దాచినవాడే! మన వివరాలన్నీ ఇచ్చేయమనే ప్రభుత్వం ముందు తన పని తాను టైముకి చెయ్యాలి కదా, నాకు కోపం వచ్చేది అక్కడే.

ఇక మీ భయం సంగతి. అమ్మాయి ఒప్పుకున్న కంపెనీయే, ఒప్పుకున్న గడువులోనే ఆ రికార్డు చూడగలదు. లైసెన్సులు, టెస్టులు, ట్రైనింగ్, ఉద్యోగం మానేయడం, క్రమశిక్షణ చర్యలు, డ్రగ్, ఆల్కహాల్ పరీక్షలు ఇలాంటివే అందులో ఉంటాయి, జీతం లెక్కలు ఉండవు. కాకపోతే ఒకసారి ఎక్కింది మనిషి పోయేదాకా, లేదంటే 99 ఏళ్లు వచ్చేదాకా ఉంటుంది. ఇరవై రెండేళ్లప్పుడు తప్పిన టెస్టు అరవైలో కూడా వెంటాడటం నాకైతే ఎక్కువే అనిపిస్తుంది.

అయినా ఒక్క ఫెయిల్ గురించి నిద్ర పాడుచేసుకోకండి, అలాంటివాళ్లు ఎయిర్‌లైన్లలో బోలెడు మంది. అసలు భయపడాల్సింది తప్పుగా ఎక్కినదానికి. 2020లో పాకిస్తాన్ మంత్రి పార్లమెంటులోనే 262 మంది పైలట్ల లైసెన్సులు అనుమానాస్పదమని ప్రకటిస్తే, ఆ లిస్టులో తప్పులున్నాయని పైలట్లే మొత్తుకున్నారు, ఈలోగా పరాయి దేశాల్లో పనిచేస్తున్న పాకిస్తానీ పైలట్లని కూడా పక్కనపెట్టారు.

అందుకని అనుమతి నొక్కేముందు అమ్మాయిని ఎఫ్‌ఏఏ సైట్‌లో లాగిన్ అయి తన రికార్డు మొత్తం చదువుకోమనండి, ఆ హక్కు తనకుంది. తప్పు కనిపిస్తే అక్కడే ఫిర్యాదు పెట్టొచ్చు. అప్లికేషన్‌లో ‘ఎన్నిసార్లు ఫెయిలయ్యారు’ అనే గడిలో మాత్రం ఆ రికార్డులో ఉన్న అంకే వెయ్యాలి.