యాభైకి కాదు, యాభై!

తమ్ముడూ, ఇంగ్లీషులో ఇన్, ఆన్, ఎట్ ఎక్కడ వాడాలో తెలియక ఆఫీసులో నోరు విప్పడం లేదని రాశావు. అంత టెన్షన్ వద్దు. ఊరికి ఇన్, వీధికి ఆన్, ఇంటి నంబరుకి ఎట్. కారుకి ఇన్, బస్సుకి ఆన్. మిగతావి ఏ గ్రామర్ పుస్తకం తిరగేసినా దొరుకుతాయి. వాటిలో తప్పు మాట్లాడితే పైసా పోదు. డబ్బు పోయేవి వేరే ఉన్నాయి.

2006లో అమెరికాలో, టెక్సస్‌లోని డాలస్ పక్కన ఇర్వింగ్‌లో దిగాం. ఇంట్లో ఒక పరుపు, రెండు మడత కుర్చీలు. ఒక షాపులో సోఫాకి ఎర్ర చీటీ వేలాడుతోంది: 'రెడ్యూస్డ్ బై 50 డాలర్స్'. నా కంటికి ఆనింది యాభై ఒక్కటే. యాభై డాలర్లకే సోఫా అని మా ఆవిడకి ఫోన్ చేసి, గంటల లెక్కన ట్రక్కు అద్దెకి తీసుకుని, ఇద్దరు ఫ్రెండ్స్‌ని వెంటేసుకుని వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి 349, ప్లస్ టాక్స్ అంది. 399లో యాభై తగ్గించారట! 'యాభై తగ్గింది', 'యాభైకి తగ్గింది' అంటే మన చంటిపిల్లలు కూడా తేడా చెప్పేస్తారు. ఆ 'కి' ఉంటే 'టు', లేకపోతే 'బై'. ఖాళీ ట్రక్కుకి అద్దె, పెట్రోలు కలిపి 43 డాలర్లు వదిలాయి. ఇన్నేళ్లయినా ఆ అంకె మర్చిపోలేదు.

మాకు చెప్పేవాళ్లు లేరు, పడుతూ లేస్తూ నేర్చుకున్నాం. మీకేం, ఫోన్ని అడిగితే చాలు. అయినా జీతం పెంచిన లెటర్లో 'బై' ఉందో 'టు' ఉందో చూడకుండానే ఇండియాకి ఫోన్ చేసేస్తారు.

'రెండేళ్ల నుంచి' అనడానికి 'సిన్స్ టూ ఇయర్స్' అనకు, 'ఫర్' అనాలి. నాకు ఇప్పటికీ సిన్సే వస్తుంది, మా అమ్మాయి దిద్దుతుంది. డబ్బుతో పని లేదు కాబట్టి నేను పట్టించుకోను.

'విత్ఇన్' మాత్రం పట్టించుకో. అంటే 'లోపు'. నేను 'తర్వాత' అనుకుని మొదటి అపార్ట్‌మెంట్ డిపాజిట్ కోసం రెండు నెలలు నోరు మూసుకుని కూర్చున్నాను. టెక్సస్‌లో ఖాళీ చేసిన 30 రోజుల లోపు ఓనరు డిపాజిట్ వెనక్కివ్వాలి, దానికి మనం కొత్త అడ్రస్ రాసివ్వాలి. మీ రాష్ట్రం రూలు చూసుకో.

సోఫా అంటావా? ఆ తర్వాతి నెల ఎవరో ఇంటి దగ్గర పాత సామాన్లు అమ్ముకునే గరాజ్ సేల్‌లో 40కి ఒకటి కొన్నాం. బేరమాడింది మా ఆవిడ. సొంతింటికి వచ్చాక లెదర్‌ది కొన్నాం గానీ, ఆ పాతది ఇంకా మా గరాజ్‌లోనే ఉంది.