మేడ మీద గ్రీన్‌హౌస్ వేస్తే ఏడాదంతా కూరగాయలు పండుతాయా?

హైదరాబాద్‌లో మేడ మీద ప్లాస్టిక్ గ్రీన్‌హౌస్ వేసుకుంటే పన్నెండు నెలలూ కూరగాయలు వస్తాయా అని అడిగారు. వస్తాయి, కానీ ప్లాస్టిక్‌తో కాదు. నాలుగువైపులా మూసిన పాలిథీన్ గుడారం చలిదేశాలకు పనికొస్తుంది. మన ఏప్రిల్, మే ఎండల్లో అది పొయ్యే. మనకు 50 శాతం షేడ్‌నెట్ (సగం ఎండను ఆపే వల) చాలు, పక్కల నుంచి గాలి ఆడాలి. వానాకాలంలో మాత్రం పైన పాలిథీన్ కప్పండి, లేకపోతే నారుకుళ్లు తెగులుతో మొలకలు పడిపోతాయి.

అలాగని ఏడాదంతా ఒకే పంట కుదరదు. పగలు 35 డిగ్రీలు దాటితే నెట్ కిందైనా టమాటా పూత రాలిపోతుంది. ఎండాకాలం తోటకూర, బచ్చలి వేసుకోండి. టమాటా, క్యాబేజీ, పాలకూర, మెంతికూర చలికాలానికి.

చాలామంది మర్చిపోయేది తేనెటీగల సంగతి. పురుగులు రాకూడదని పక్కలకీ నెట్ కడితే అవీ రావు, పుప్పొడి ఆడపువ్వుకు చేరక బీర, సొర పిందెలు పసుపురంగుకు తిరిగి రాలిపోతాయి. ఈ రెండింటి పూలూ సాయంత్రం విచ్చుకుంటాయి. అప్పుడు మగపువ్వు తెంపి ఆడపువ్వుకు (వెనక చిన్న పిందె ఉండేది అదే) మీరే రుద్దాలి. టమాటాకు అంత తిప్పలు లేదు, పూలగుత్తిని వేలితో తడితే సరి.