‘కరోలినా కసాయి’ నిజంగా మొసలేనా?

నేటి మొసలి కాదు, మొసళ్ల వంశవృక్షంలో బాగా కిందనున్న కొమ్మకు చెందిన జీవి. ‘కరోలినా కసాయి’ దీని మారుపేరు, శాస్త్రీయ నామం కార్నుఫెక్స్ కరోలినెన్సిస్. అమెరికాలోని నార్త్ కరోలినాలో, సుమారు 23 కోట్ల 10 లక్షల ఏళ్ల నాటి పెకిన్ శిలాస్తరాల్లో దీని శిలాజాలు దొరికాయి. శిలాజ శాస్త్రవేత్త లిండ్సే జానో బృందం 2015లో దీనికి పేరు పెట్టింది.

దొరికినవి కొన్ని పుర్రె ముక్కలు, వెన్నుపూసలు, ముందుకాలి ఎముక, అంతే. ఆ పుర్రె ముక్కలను త్రీడీ స్కానింగ్ చేసి, ఖాళీలను దగ్గరి బంధుజీవుల పుర్రెల ఆధారంగా పూరించి తల రూపాన్ని తిరిగి నిర్మించారు. నాకు అన్నిటికన్నా అబ్బురం కలిగించేది ఈ పనే!

పొడవు దాదాపు 3 మీటర్లు, మాంసాన్ని చీల్చే కత్తుల్లాంటి పళ్లు. నీళ్లలో పొంచి ఉండేది కాదు, నేల మీద వేటాడేది. ముందుకాళ్లు పొట్టివి కావడంతో వెనుక కాళ్లపై నడిచి ఉండవచ్చని భావించారు.

రాక్షసబల్లులు ఇంకా భూమిని ఏలని ఆ రోజుల్లో, అక్కడి అగ్రశ్రేణి వేటగాళ్లలో మొసళ్ల పూర్వపు చుట్టాలూ ఉండేవని దీనివల్ల తెలిసింది.