చైనా పండితుల చరిత్ర రాయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, అత్తయ్య ఆశీస్సులు.

మింగ్, ఛింగ్ రాజవంశాల కాలాల చైనా పండితుల మీద పరిశోధన చేస్తానన్నావు, సంతోషం. నువ్వు పంపిన ప్రణాళిక చూశాను. మొదటి అధ్యాయం కన్ఫ్యూషియన్ గ్రంథాలకు వ్యాఖ్యానాలు రాసిన జూ శీ తత్వం, రెండోది మింగ్ కాలపు వాంగ్ యాంగ్‌మింగ్ తత్వం, మూడోది ఛింగ్ కాలపు దాయ్ జెన్ తత్వం. ఈ వరస మార్చు. ఇలా రాస్తే వాళ్ళంతా తిండీ తిప్పలూ లేకుండా శతాబ్దాల తరబడి వాదించుకుంటూ కూర్చున్నట్టు ఉంటుంది. ఏం నమ్మారన్నది తరవాత చూడు. ఏ పరీక్ష కోసం చదివారు, ఎలా చదివారు, ఎవరి పంచన ఉండి చదివారు, ముందు ఇవి పట్టుకో.

ప్రభుత్వోద్యోగాల పరీక్షలతోనే మొదలుపెట్టు. జూ శీ 1200లో పోయాడు. చివరి రోజుల్లో ఆయన బోధనను ప్రభుత్వమే నిషేధించింది. అదే జూ శీ వ్యాఖ్యానాలు 1313లో యువాన్ (మంగోల్) రాజులు వేసిన శాసనంతో పరీక్షలకు ప్రమాణమయ్యాయి. 1905లో పరీక్షలు రద్దయ్యేదాకా వాటి పట్టు పోలేదు. ఉద్యోగం కావాలన్న కుర్రాడికి అవి నోటికి రావాల్సిందే. కాబట్టి ఎవరైనా జూ శీని పొగిడితే, అది నమ్మకమా, అలవాటా, అవసరమా అని ఒక్కొక్కరి దగ్గరా విడిగా తేల్చుకో.

నీ పరిశోధనకు గుండెకాయ కాగల మనిషి నీ ప్రణాళికలో ఎక్కడా లేడు. ఆయన పేరు యెన్ రువోచూ (1636–1704). ప్రాచీన రాజుల పలుకులుగా పూజలందుకున్న 'షాంగ్‌షు' గ్రంథంలో 58 అధ్యాయాలుంటే, వాటిలో 25 కల్పితాలని ఆయన నిరూపించాడు. అనుమానం కొత్తది కాదు, జూ శీకీ ఉంది. యెన్ గొప్పతనం ఓపికలో ఉంది. ఊరి పేర్లు, తేదీలు, పదవుల పేర్లు, పాత పుస్తకాల్లోని ఉల్లేఖనాలు ఒక్కొక్కటే పట్టుకుని సరిచూశాడు. ఒక ఉదాహరణ చెబుతాను. పురాణకాలపు షున్ చక్రవర్తి తన వారసుడు యూకు చెప్పినట్టుగా పదహారు అక్షరాల వాక్యం ఒకటుంది. మనిషి మనసు నిలకడ లేనిది, ధర్మమార్గపు మనసు అతి సూక్ష్మమైనది అని మొదలవుతుంది. జూ శీ సంప్రదాయం తన మేడలో సగం దీని మీదే కట్టుకుంది. ఆ మాటలు షున్‌ద్జ అనే ప్రాచీన తత్వవేత్త గ్రంథంలో ఉన్నాయి, కానీ అక్కడ వాటిని 'షాంగ్‌షు' నుంచి తీసుకున్నట్టు లేదు, వేరే గ్రంథం పేరుంది. ఎవరో అక్కడి నుంచి ఎత్తి చక్రవర్తి నోట్లో పెట్టారని యెన్ తేల్చాడు.

ఆయన పుస్తకం చాలాకాలం రాతప్రతుల్లోనే తిరిగి, ఆయన పోయిన నలభై ఏళ్ళకు 1745లో అచ్చయింది. అయినా ఆ అధ్యాయాలు పరీక్షల నుంచి పోలేదు. తీసేయాలన్న మాట వచ్చినప్పుడు జ్వాంగ్ సున్‌యూ అనే ఉన్నతాధికారి అడ్డుపడ్డాడని తరవాతి కాలపు రచయిత గోంగ్ జిజెన్ రాశాడు. రాజ్యం నడిపేవాడికి ఆ బోధన కావాలన్నది జ్వాంగ్ వాదం. నన్నడిగితే, ఈ ఒక్క ఘట్టం మీదే నువ్వు రెండు అధ్యాయాలు రాయవచ్చు.

ఆధారం పట్టి సరిచూసే ఈ పద్ధతికి పెద్ద దిక్కు గు యెన్‌వూ. మింగ్ రాజ్యం కూలినప్పుడు ఆయన్ని పెంచిన తల్లి అన్నపానాలు మాని ప్రాణం వదిలింది, కొత్తగా వచ్చిన ఛింగ్ (మంచూ) రాజుల కొలువులో చేరవద్దని చెప్పి మరీ. ఆయన చేరలేదు. రెండు గుర్రాలు, రెండు కంచర గాడిదల మీద పుస్తకాలు వేసుకుని ఉత్తరాదంతా తిరిగాడు. కనుమల దగ్గర ముసలి సైనికులను పిలిచి దారుల సంగతి అడిగేవాడు, విన్నది తాను ఎరిగినదానితో కుదరకపోతే దగ్గర్లో బసలో దిగి పుస్తకం విప్పేవాడు.

తరవాతి తరాల వాళ్ళకు గుర్రాలు కాదు, దాతలు కావలసి వచ్చారు. యాంగ్జౌ నగరపు ఉప్పు వర్తకుల ఇళ్ళలో గ్రంథాలయాలుండేవి, పండితులకు భోజనం, బస దొరికేవి. 1757లో దాయ్ జెన్, సుజౌ పండితుడు హ్వే దోంగ్‌ను కలిసింది అక్కడి ఉప్పు శాఖాధికారి లు జియెన్‌జెంగ్ కొలువులోనే. ఈ ఉప్పు లెక్క వదిలేసి ఛింగ్ పాండిత్యం గురించి రాయకు.

దాయ్ జెన్ దగ్గర ఇంకో జాగ్రత్త. జూ శీ చెప్పిన 'లీ'ని, అంటే అన్నిటినీ నడిపే నియమాన్ని, పెద్దలు చిన్నవాళ్ళ నోరు నొక్కడానికి వాడుతున్నారని, చట్టం చంపితే జాలిపడేవాళ్ళున్నారు కానీ 'లీ' చంపితే ఎవరూ లేరని ఆయన రాశాడు. ఈనాటి మనకు అదే ఆయన ప్రాణం. ఆనాటి మిత్రులకు కాదు. ఆయన పోయాక జీవితచరిత్రలో ఈ తత్వం చెప్పే లేఖను చేర్చనక్కర్లేదని జూ యూన్ అనే పండితుడు అన్నాడు. వాళ్ళు గౌరవించింది ప్రాచీన ఉచ్చారణలనూ, గణిత గ్రంథాలనూ తేల్చిన దాయ్ జెన్‌ను. చరిత్రకారుడు జాంగ్ శ్వెచెంగ్ దీనికి బాధపడ్డాడు. నీకు నచ్చిన దాయ్ జెన్‌నూ, వాళ్ళెరిగిన దాయ్ జెన్‌నూ కలిపేయకు.

1773లో చక్రవర్తి కొలువులో మొదలైన 'సిఖూ ఛ్వెన్‌షూ' అనే మహా గ్రంథ సంకలనాన్ని చూసి మురిసిపోకు. ఏడు రాతప్రతులు సిద్ధం చేసిన ఆ కొలువే, మంచూలను నొప్పించే పుస్తకాలను వేల కొద్దీ ఏరి నిషేధించింది, కొన్నింట్లో వాక్యాలు మార్చింది. అందులోని పాఠాన్ని వీలైనప్పుడల్లా పాత ముద్రణతో సరిపోల్చి చూడు. అలాగే 'చైనా పునరుజ్జీవనం' అన్న మాట నీ శీర్షికలోంచి తీసేయి. ఐరోపాతో ఆ పోలిక 1920 ప్రాంతంలో సంస్కరణవాది లియాంగ్ ఛీచావ్ ప్రచారం చేసింది, దేశాన్ని మార్చాలన్న ఆయన తపన అందులో ఉంది. నీకా అవసరం లేదు.

స్త్రీలెవరూ లేరేమని అడుగుదామనుకున్నాను. ఖగోళ పండితురాలు వాంగ్ జెన్‌యీ (1768–1797) గ్రహణాల మీద రాసింది చదువు, పాదసూచికలో కాకుండా అధ్యాయంలోనే పెట్టు.

ముందు యెన్ పుస్తకంలో ఆ పదహారు అక్షరాల భాగం, షున్‌ద్జలో అదే చోటు పక్కపక్కన పెట్టుకుని చదివి, నాలుగు పేజీలు రాసి పంపించు. తత్వం అధ్యాయాల సంగతి ఆ తరవాత మాట్లాడుకుందాం.

మీ అత్తయ్య