దొంగ తీర్మానం సంగతి తర్వాత, ముందు తేదీ చూసుకోండి

ప్రశ్న: మాది అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఓ గిరిజన గూడెం. మా కొండ మీద గ్రానైట్ క్వారీకి అనుమతి వచ్చింది. తాతల నాటి నుంచి ఆ కొండ కింది ఊటగెడ్డ నీళ్లే తాగుతున్నాం. ప్రజాభిప్రాయ సేకరణ పెడితే నిరసనగా అందరం బహిష్కరించాం. గ్రామసభ ఏకగ్రీవంగా ఒప్పుకున్నట్టు పంచాయతీ పుస్తకంలో తీర్మానం ఉంది. అది అబద్ధం. పింఛన్ల కోసమని చెప్పి వేయించుకున్న వేలిముద్రలవి. లీజు గిరిజన సొసైటీ పేరిట ఉన్నా వెనకున్నది బయటివాళ్లే. సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పుతో దీన్ని కొట్టేయించలేమా? పాత తేదీతో వ్యతిరేక తీర్మానం రాసి పెడదామని కుర్రాళ్లు అంటున్నారు. అనుమతి కాగితం పంచాయతీ ఆఫీసులో అంటించి 40 రోజులైంది.

జవాబు: మీ కేసును తేల్చే మాట మీ ఉత్తరంలో చిట్టచివర ఉంది. పర్యావరణ అనుమతి మీద నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్‌కు (పర్యావరణ కేసులు వినే కోర్టు లాంటిది) అప్పీలు చేసుకోవడానికి 2010 చట్టంలోని 16వ సెక్షన్ ఇచ్చే గడువు 30 రోజులు. అది దాటిపోయింది. తగిన కారణం చూపిస్తే మరో 60 రోజుల దాకా ఆలస్యాన్ని ట్రిబ్యునల్ మన్నించవచ్చు. మొత్తం 90 రోజులు దాటాక ఆ అధికారం ట్రిబ్యునల్‌కే లేదు. తీర్మానం దొంగదని రుజువు చేతిలో ఉన్నా అప్పీలు తీసుకోరు. అంటే మీకు మిగిలింది 50 రోజులు. అదీ పేపర్లో ప్రకటన అంతకుముందే రాకపోయి ఉంటేనే, ఎందుకంటే ప్రజలకు మొదట ఏ మార్గంలో తెలిసిందో ఆ రోజు నుంచే లెక్క కడతారు. పర్యావరణ అనుమతులు ఉంచే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ పరివేష్‌లో మీ క్వారీ అనుమతి ఎప్పుడు పెట్టారో ఈరోజే చూసి ప్రింటు తీయించండి.

బహిష్కరణ పెద్ద పొరపాటు. పర్యావరణ అనుమతులకు సంబంధించిన 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ సభకు కోరం, అంటే కనీసం ఇంతమంది రావాలన్న లెక్క, అక్కర్లేదు. ఊరంతా ఇళ్లలో కూర్చున్నా సభ జరిగిపోయినట్టే. "క్వారీ తవ్వితే మా గెడ్డ ఏమవుతుంది?" అని ఒక్కరు మైకులో అడిగినా అది వీడియోలోకీ మినిట్స్‌లోకీ ఎక్కేది, జవాబు చెప్పాల్సిన బాధ్యత క్వారీ వాళ్ల మీద పడేది. ఇప్పుడు రికార్డులో మీ మాట ఒక్కటీ లేదు. ఊళ్లో ఎవరైనా కాలుష్య నియంత్రణ మండలికి అభ్యంతరం పోస్టు చేసి ఉంటే ఆ రసీదు వెతికించండి.

1997 నాటి సమతా తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతంలో (గిరిజనుల రక్షణకు రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతం) గిరిజనేతరులకు లీజులివ్వకూడదంది. గిరిజన సొసైటీలకు ఇవ్వొద్దని అనలేదు. బినామీ అని నిరూపించడానికి ఏళ్లు పడుతుంది. దాని మీదే ఆశ పెట్టుకోకండి.

మీ బలమంతా ఆ దొంగ తీర్మానంలోనే ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రానైట్ లాంటి చిన్నతరహా ఖనిజానికి లీజు ఇవ్వాలంటే ముందుగా గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరని 1996 పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) చెబుతోంది. అయితే అబద్ధమని మీరంటే కోర్టు వినదు, కాగితం చూపించాలి. పంచాయతీ కార్యదర్శి దగ్గర తీర్మానానికీ హాజరు పట్టీకీ సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. ఒక్కో పేరు పట్టుకుని ఆ రోజు ఆ మనిషి ఎక్కడున్నారో అడగండి. ఒకామె ఆస్పత్రిలో ఉంటే డిశ్చార్జి కాగితం, ఇంకొకాయన అదే వేళకు ఉపాధి పనిలో ఉంటే మస్టర్ రోల్, చనిపోయినవారి వేలిముద్ర కనిపిస్తే మరణ ధ్రువపత్రం. ఇలాంటివి నాలుగు దొరికితే చాలు, ఏకగ్రీవమన్న మాట నిలబడదు.

పాత తేదీతో తీర్మానం రాసే ఆలోచన ఈ క్షణమే మానుకోండి. అది ఫోర్జరీ. అవతలివాళ్ల కాగితం దొంగదని చెప్పడానికి వెళ్లి మీరే ముద్దాయిలవుతారు, ఊరి నిజం కూడా దాంతోపాటే పోతుంది. దానికి బదులు ఇప్పుడే గ్రామసభ పెట్టమని సంతకాలతో అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. సభ తేదీనే వేసి, వేలిముద్రలు ఎలా తీసుకున్నారో రాయించండి. ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) అధికారిని రమ్మని కోరండి, వీడియో తీయించండి. గ్రామసభలను అడగాలని సుప్రీంకోర్టు 2013లో చెప్పాక ఒడిశాలోని నియమగిరిలో 12 గ్రామసభలు బాక్సైట్ గనిని కాదన్నాయి. అవి జిల్లా జడ్జి సమక్షంలో జరిగాయి కాబట్టే ఆ తీర్మానాలు దొంగవని ఎవరూ అనలేకపోయారు.

కేసులు రెండు వేయాలి. అనుమతి మీద అప్పీలు చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్ దక్షిణ బెంచికి, ఆలస్యం మన్నించమనే పిటిషన్‌తో కలిపి. పెసా ఉల్లంఘన ట్రిబ్యునల్ పరిధిలోకి రాదు, దానికి హైకోర్టులో రిట్ వేయాలి. రిట్‌కు రోజుల లెక్క లేకపోయినా, యంత్రాలు దిగాక వెళ్తే ఇన్నాళ్లూ ఏం చేశారని అడుగుతారు. సమాచార హక్కు దరఖాస్తు వేయండి గానీ జవాబు వచ్చేదాకా ఆగకండి, దానికే 30 రోజులు పోతాయి.

ఖర్చు గురించి టెన్షన్ పడొద్దు. ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 న్యాయ సేవల చట్టంలోనే ఉంది. కుల ధ్రువపత్రం, అనుమతి ప్రింటు, తీర్మానం కాపీ పట్టుకుని ఈ వారంలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి.