పక్షుల కోసం నికాన్ వదిలేసి కానన్‌కి మారాలా? ఒకసారి మారినవాడి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. చేతిలో నికాన్ డి5600 కెమెరా, కిట్‌లో వచ్చిన 70-300 ఎం.ఎం. జూమ్ లెన్స్ ఉన్నాయి. ఉప్పలపాడు చెరువు దగ్గర తీసిన ఎర్రకాళ్ల కొంగలన్నీ షేక్ అయ్యాయి. చేతి వణుకుని సర్దే కానన్ ఐఎస్ ముందు, అదే పని చేసే నికాన్ వీఆర్ ఎందుకూ పనికిరాదు, సెట్టు మొత్తం అమ్మేయమని మీ స్నేహితుడు అంటున్నాడు.

ఏదీ అమ్మకముందు మీ లెన్స్ మీద రాసిన పేరు పూర్తిగా చదవండి. ఏఎఫ్-పి డీఎక్స్ 70-300 రెండు రకాలుగా వచ్చింది, చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. ఒకదాని పేరులో వీఆర్ అని ఉంటుంది, రెండోదానికి ఉండదు. ఉన్నదానికి కూడా లెన్స్ మీద స్విచ్ కనపడదు, కెమెరా మెనూలోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. మీది వీఆర్ లేని రకమైతే పాపం నికాన్‌ని తిట్టి లాభమేముంది?

ఇక వీఆర్, ఐఎస్, టామ్రాన్ వాళ్ల వీసీ, సిగ్మా వాళ్ల ఓఎస్, పేర్లు వేరైనా చేసే పని ఒకటే. మీ చేయి వణికితే లెన్స్ లోపలి గాజు దానికి ఎదురు కదిలి సర్దుతుంది. కొంగ మెడ తిప్పితే మాత్రం ఏ కంపెనీ లెన్సూ ఏమీ చేయలేదు. డి5600 సెన్సార్ చిన్నది, అందుకే మీ 300ని దాని క్రాప్ లెక్క 1.5తో హెచ్చిస్తే 450. అంటే వీఆర్ లేకుండా చేత్తో పట్టుకుంటే షట్టర్ వేగం ఆ అంకెకి తగ్గట్టు 1/500 సెకను దగ్గరైనా ఉండాలి. వీఆర్ ఉంటే కదలకుండా కూర్చున్న పక్షిని 1/100లో కూడా తీయొచ్చు. ఎగిరేదానికి ఎలాగూ 1/2000 కావాలి. కానన్ 400 ఎఫ్/5.6 అని 1993లో వచ్చిన లెన్స్ ఉంది, ఐఎస్ లేదు. అయినా ఎగిరే పక్షులు తీసేవాళ్లు ఏళ్ల తరబడి దాన్ని వదల్లేదు.

నా సంగతి చెప్తా. 2009లో నికాన్ డి90 కొన్నాను. 2013లో పక్షుల పిచ్చి పట్టింది. అప్పటికి నికాన్‌లో పాత 80-400 వీఆర్ ఉండేది, ఫోకస్ మహా నెమ్మది. అదే ఏడాది వచ్చిన కొత్త 80-400 ధర నా జీతానికి అందేది కాదు. కానన్ 100-400 దానికంటే చాలా తక్కువకి దొరుకుతోంది. ఉన్నదంతా అయినకాడికి అమ్మి కానన్ 70డి కెమెరా, ఆ లెన్స్ కొన్నాను. సరిగ్గా రెండేళ్లకి, 2015లో, నికాన్ 200-500 ఎఫ్/5.6 వీఆర్ దించింది, అందుబాటు ధరలో! ఆ వార్త చదివిన రోజు అన్నం సయించలేదు. తర్వాత తెలిసింది, ఆ లెన్స్ అపర్చర్, అంటే వెలుగు వచ్చే రంధ్రాన్ని సర్దే ఏర్పాటు, నా పాత డి90 మీద పనిచేయదట. నికాన్‌లో లెన్స్ బిగించే మౌంటు 1959 నుంచీ ఒకటే అని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఎదురు చూసినా బాడీ ఎలాగూ మార్చాల్సిందే.

కొత్త లెన్స్‌తో మొదటి రెండు నెలలూ ఏడుపే. నేలపట్టులో ట్రైపాడ్ మీద పెట్టి తీసిన గూడబాతులు ఒక్కటీ షార్ప్‌గా రాలేదు. లెన్స్ పాడైందనుకుని ఎవరికి అంటగడదామా అని చూస్తున్నా. ఆ పాత 100-400ని ట్రైపాడ్ మీద పెడితే ఐఎస్ ఆపేయాలని మాన్యువల్‌లోనే రాసి ఉంది, చదివితేగా!

అయినా ఇన్నేళ్లూ కానన్‌లోనే ఉన్నాను. అభిమానం అంటే ఒప్పుకోను. మా ఊళ్లో పెళ్లి ఫొటోలు తీసే తమ్ముళ్లందరివీ కానన్లే. ముహూర్తాలు లేని రోజుల్లో ఒకరి 70-200, ఒకరి ఫుల్‌ఫ్రేమ్ బాడీ అడిగి తెచ్చుకుంటాను. ఆ అరువే నన్ను కట్టిపడేసింది. మీ చుట్టుపక్కల ఎవరి దగ్గర ఏముందో మీరూ ఒకసారి చూసుకోండి.

నిజం చెప్పాలంటే మీ దగ్గరున్నది కిట్ లెన్సే కాబట్టి, మారినా మీకు పోయేదేమీ పెద్దగా లేదు. మీ స్నేహితుడు ఐఎస్ గొప్పదని కాకుండా కానన్ ఆర్7 కెమెరా, దానికి ఆర్‌ఎఫ్ 100-400 లెన్స్ కొనమని ఉంటే నేనూ తలూపేవాణ్ణి. లెన్స్ బరువు 635 గ్రాములే, బాడీలోనూ స్టెబిలైజేషన్ ఉంది, పక్షి కన్ను అదే పట్టుకుంటుంది. కాకపోతే 400 దగ్గర అపర్చర్ ఎఫ్/8కే పరిమితం, లోపలికి వెలుగు తక్కువ వస్తుంది. సాయంత్రం వెలుగు తగ్గాక ఐఎస్‌ఓ, అంటే సెన్సార్ సున్నితత్వం, పెంచక తప్పదు. బడ్జెట్ లేకపోతే డి5600 ఉంచుకుని సెకండ్‌హ్యాండ్ 200-500 వెతకండి. రేపు నికాన్ మిర్రర్‌లెస్ కొన్నా పాత నికాన్ లెన్సుల్ని దానికి బిగించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో ఈ 200-500 ఆటోఫోకస్, వీఆర్ రెండూ పనిచేస్తాయి. కొనేముందు షాపులో పావుగంట చేత్తో పట్టుకుని చూడండి, 2.3 కిలోలు. ఎడమ చేయి లెన్స్ కింద ఉండాలి, చిన్న డి5600 బాడీని పట్టుకుని ఎత్తితే మణికట్టు పోతుంది.

ముందు మీ లెన్స్ పేరు, షేక్ అయిన ఒక ఫొటో, దాని షట్టర్ స్పీడ్ ఇక్కడ పెట్టండి. వణికింది చెయ్యో కొంగో చూసి చెప్తాను.